పాత మారుతి 800 తలుపుల కింద మళ్లీ తుప్పు బొబ్బలు: వానలకు ముందు ఏం చేయాలి?

అనంత_800
మా నాన్నగారు 1997లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇంజనుకు ఏ లోటూ లేదు, బాధంతా బాడీతోనే. రెండేళ్ల క్రితం ముందు తలుపుల అడుగు అంచుల్లోనూ, వెనుక మడ్‌గార్డుల అంచుల్లోనూ తుప్పు కనిపిస్తే ఊళ్లోని ఒక టింకరింగ్ షెడ్డుకు ఇచ్చి, పద్నాలుగు వేలు పెట్టి బాగు చేయించాను. బండి చేతికి వచ్చిన రోజు అద్దంలా మెరిసింది. పోయిన వానాకాలం దాటేసరికి సరిగ్గా అవే చోట్ల పెయింటు బొబ్బలు లేచింది. నిన్న ఒక బొబ్బను గోటితో గిల్లి చూస్తే ముందు పెయింటు, దాని వెనుక బూడిదరంగు లప్పం, లప్పం వెనుక తడిసిన ఎర్రటి పొడి రాలాయి. వానే సరిగా కురవని అనంతపురంలో బండికి ఇంత తుప్పు ఎందుకు పడుతోంది? ఈసారి ఇంకో షెడ్డుకు ఇవ్వాలా, లేక ఓపిక చేసుకుని నేనే మొదలుపెట్టవచ్చా? నాన్నగారి బండి కాబట్టి అమ్మేయమనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

గుత్తి_కోట
మీరు బయటికి కనిపించే బొబ్బల గురించే రాశారు. ముందు సీట్ల దగ్గరి మ్యాట్లు ఎత్తి, కింద పరిచిన ఫెల్టును చేత్తో నొక్కి చూశారా? నా 800లో తలుపులు బాగానే ఉండేవి, కానీ డ్రైవరు కాళ్ల కింది రేకులో స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే అది అవతలికి దిగబడింది.

కడప_బ్రష్
నేను ఇరవై రెండేళ్లుగా కడపలో బండ్ల పెయింటింగ్ పనిలోనే ఉన్నాను. మీరు రాసిన వరుస చదవగానే జరిగినదేమిటో అర్థమైంది. పెయింటు, లప్పం, ఆ వెంటనే తుప్పు అన్నారు, మధ్యలో ప్రైమరు మాట లేదు. అంటే పైపైన గీకి, మిగిలిన తుప్పు మీదే లప్పం పట్టించారు. లప్పం గట్టిపడితే రాయిలా కనిపిస్తుంది కానీ నీటిని బిస్కెట్టులా పీలుస్తుంది. అందువల్ల దాన్ని పొడిగానే రుద్దాలి. మా పనివాళ్లలో చాలామంది బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకుని వాటర్ పేపరుతో రుద్దుతారు, ఎందుకంటే దుమ్ము లేవదు, చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. ఆ నీరు లప్పంలోకి ఇంకుతుంది. సాయంత్రానికి పైభాగం ఆరినట్టు కనిపిస్తుంది, పెయింటు కొట్టేస్తారు, లోపలి తడికి బయటికి వచ్చే దారి ఉండదు. ఆరు నెలలకో ఏడాదికో అది రేకును తిని, పెయింటును పైకి నెడుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో నాకు కూడా నీళ్లతో రుద్దడమే నేర్పారు. తిరిగి వచ్చిన బండ్లను చూశాకే మానుకున్నాను.

రసాయనం_మాష్టారు
కరువు నేలలో తుప్పేమిటన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను. ఇనుము తుప్పు పట్టడానికి గాలిలోని ఆక్సిజనూ, నీరూ కావాలి. ఆ నీరు వానగానే రావాలన్న నియమం లేదు. పుష్య మాసపు తెల్లవారుజామున బండి మీద పడే మంచు చాలు, ఫెల్టులో ఇంకిన చెంబెడు నీళ్లు చాలు. ఆ నీటిలో ఉప్పు కరిగి ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. మన అనంతపురం జిల్లాలో చాలా బోర్ల నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో బండి కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం రేకు మడతల్లో మిగిలిపోయి మళ్లీ తడి తగిలినప్పుడల్లా పని చేస్తుంది. ఇంకొక్క సంగతి. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, అది గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది, పైగా తాను పుట్టిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మీ పెయింటు బొబ్బలా ఉబ్బడానికి కారణం అదే.

పాత_చేతక్
మాష్టారు చెప్పిన బోరు నీళ్ల మాట అక్షరాలా నిజం. మా స్కూటరును పదేళ్లు బోరు నీళ్లతోనే కడిగాము. పైన ఎక్కడా చుక్క తుప్పు లేదు, ఫుట్‌బోర్డు రబ్బరు పట్టీలు విప్పితే వాటి కింద రేకు మీద తెల్లటి ఉప్పు గీతలు, ఆ గీతల వెంబడే తుప్పు కనిపించింది.

కర్నూలు_కమాండర్
ఇంత ఆలోచించే పని లేదన్నది నా అభిప్రాయం. మా జీపు కింద మా నాన్న ఏటా వానలకు ముందు మార్చేసిన ఇంజను ఆయిలును డీజిలుతో కలిపి గన్నుతో కొట్టించేవారు. ముప్పై ఏళ్లు దాటినా చాసిస్ ఇప్పటికీ ఖణేల్‌మంటుంది. లారీల వాళ్లు కూడా ఇదే చేస్తారు.

కడప_బ్రష్
కమాండర్ గారూ, మీ చాసిస్ నిలిచిందంటే నమ్ముతాను, ఎందుకంటే నూనె పొర నీటిని ఆపుతుంది. అయితే జీపు చాసిస్ మందపాటి ఇనుము, 800 బాడీ ఒక మిల్లీమీటరు కూడా లేని పలచటి రేకు, రెండింటికీ ఒకే మందు కుదరదు. వాడేసిన ఆయిలులో ఆమ్లాలు, లోహపు పొడి చేరి ఉంటాయి. అది కమాన్ కట్టల బుష్షులను, ఇతర రబ్బరు భాగాలను మెత్తబరుస్తుంది, సైలెన్సరు మీద పడితే పొగ లేస్తుంది, నేలలోకి ఇంకితే నేల పాడవుతుంది. అన్నిటికంటే నాకు కష్టం కలిగించేది ఏమిటంటే, ఒకసారి ఆ నూనె పట్టిన రేకు మీద తరువాత ఏ ప్రైమరూ సరిగా అంటదు.

కర్నూలు_కమాండర్
బుష్షుల మాట ఒప్పుకుంటున్నాను. మా జీపు షాకిల్ బుష్షులు రెండేళ్లకొకసారి మార్చవలసి వచ్చేది, దానికీ దీనికీ సంబంధం ఉండవచ్చని ఇంతవరకు తట్టలేదు. చాసిస్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

రేగడి_రైతు
మాది ఆదోని వైపు నల్లరేగడి. మా పికప్పు తొట్టి నాలుగేళ్లలో జల్లెడ అయింది, దానికి వాన కారణం కాదు. యూరియా, డీఏపీ మూటలు దించేటప్పుడు చిందిన గుళికలను ఊడ్చకుండా వదిలేశాము. అవి గాలిలోని తేమను లాక్కుని కరిగి, రేకు అతుకుల్లోకి జారుతాయి. గొర్రెలను సంతకు తోలినప్పుడు పడిన మూత్రం కూడా అంతే పని చేసింది. ఇక రేగడి బురద ఒకసారి మడ్‌గార్డు లోపల పట్టిందంటే, పైన ఎండి పగుళ్లిచ్చినా లోపలి పొర వారం రోజులు తడిగానే ఉంటుంది. అనంతపురం ఎర్రనేల దులిపితే రాలుతుంది కానీ మా మట్టి అలా కాదు. ఇప్పుడు చేను నుంచి రాగానే మడ్‌గార్డుల లోపలి అంచులో వేలు పెట్టి బురద తీసి, ఆ తరువాతే ఇంట్లోకి వెళుతున్నాను.

అనంత_800
గుత్తి_కోట గారి మాట విని ఈ ఉదయం మ్యాట్లు ఎత్తాను. డ్రైవరు వైపు పొడిగా ఉంది. ఎడమ వైపు ఫెల్టు మాత్రం నొక్కితే నీరు ఊరింది. ఇది మే నెల, ఇరవై రోజులుగా చినుకు లేదు, ఆ నీరు ఎక్కడిదో అర్థం కాలేదు. ఫెల్టు తీసి చూస్తే రేకు మీద అరచేతి వెడల్పున ఎర్రటి మచ్చ ఉంది, కానీ స్క్రూడ్రైవరు దిగలేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పి చూశాను. తలుపుల అడుగున నాలుగు వేళ్ల ఎత్తు వరకు అది అసలు అంటుకోలేదు. అంత మందాన లప్పం ఉందన్నమాట.

గుత్తి_కోట
బండి ఏ చెట్టు కింద పెడతారు?

అనంత_800
ఇంటి ముందు వేపచెట్టు కింద పెడతాను. కడగడం ఆదివారాలు, మాష్టారు చెప్పిన అదే బోరు నీళ్లతో.

గుత్తి_కోట
అయితే బానెట్ ఎత్తి, వైపర్ల కింద అద్దానికీ బానెట్‌కూ మధ్య ఉండే కాలువలో చూడండి. వేపాకు, వేపపూత అక్కడ చేరి కుళ్లి నీరు పోయే దారిని మూసేస్తాయి. మీరు ఆదివారం పోసిన నీళ్లు ఆ కాలువలో నిలిచి, అతుకుల గుండా లోపలికి దిగుతున్నాయని నా అనుమానం. ముందు అద్దం రబ్బరు బీడింగు గట్టిపడి పగిలినా ఇదే జరుగుతుంది.

హంద్రీ_ఒడ్డు
2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మా అంబాసిడర్ కిటికీల దాకా నీళ్లలో నిలిచింది. నీరు తీశాక ఇంజను విప్పించాము, సీట్లు మార్పించాము, బయట మంచినీళ్లతో శుభ్రంగా కడిగాము. బండి నడిచింది, మేము కూడా బతికి బయటపడ్డామన్న సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. రెండేళ్ల తరువాత తలుపుల కింది గుమ్మం రేకు, అంటే బయటికి మూసిన పెట్టెలా ఉండే భాగం, లోపలి నుంచి బయటికి తుప్పు కక్కింది. విప్పి చూస్తే అందులో ఒండ్రు అరచేయి ఎత్తున పేరుకుని ఉంది. 2021 నవంబరులో చెయ్యేరు వరద రాజంపేట వైపు ఊళ్లను ముంచినప్పుడు అక్కడి మా బంధువులకు నేను ఫోనులో చెప్పిన మొదటి మాట బండి గురించి కాదు, అందరూ క్షేమమేనా అనే అడిగాను. వారం తరువాత మాత్రం గుమ్మం రేకుల అడుగున ఉండే రబ్బరు బిరడాలు పీకి, లోపలికి పైపు పెట్టి, తెల్లనీరు వచ్చేదాకా కడగమని పట్టుబట్టి చెప్పాను. ఆ కారు గుమ్మాలు ఈరోజుకీ గట్టిగా ఉన్నాయి.

పెన్నా_నీళ్లు
నా అనుభవం ఎవరికీ రాకూడదని రాస్తున్నాను. ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఓమ్ని వ్యాను పైకప్పు మీది తుప్పును బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో రుద్దాము. రెండు నిమిషాల్లో రేకు వెండిలా తెల్లబడింది, మాకు ఎంతో ఆనందమైంది. నీళ్లు పోసి తుడిచి, ప్రైమరు మరుసటి రోజు కొడదామని పడుకున్నాము. తెల్లవారి చూస్తే కప్పు అంతా కొత్త తుప్పుతో నారింజరంగులోకి మారిపోయింది. దాని మీదే రుద్ది పెయింటు వేశాము, ఏడాది తిరగలేదు.

రసాయనం_మాష్టారు
అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును కరిగిస్తుంది, అక్కడితో ఆగక మంచి ఇనుమును కూడా తింటుంది, చివరికి క్లోరైడ్లను రేకు రంధ్రాల్లో వదిలిపోతుంది. సముద్రపు గాలిలో బండ్లు త్వరగా పాడవడానికి కారణమైన క్లోరైడ్లనే మీరు చేజేతులా పూశారన్నమాట. మూసిన గదిలో దాని ఆవిరి కూడా దగ్గరి పనిముట్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. విప్పి తీయగల బోల్టులు, క్లిప్పులు, చిన్న బ్రాకెట్లు అయితే నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, కడిగి వెంటనే ఆరబెట్టండి. మా అమ్మ ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమేది, దారి అదే. బాడీ మీద మాత్రం ఆమ్లపు ద్రవాలు అతుకుల్లోకి జారితే కడిగి తీయడం సాధ్యం కాదు కాబట్టి అక్కడ చేతిపనే మేలు.

అనంత_800
గుత్తి_కోట గారి అనుమానం నిజమైంది. వైపర్ల కింది కాలువలోంచి రెండు గుప్పిళ్ల కుళ్లిన వేపాకు తీశాను. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి కనిపించింది. తలుపు తెరిచి దాని అడుగు అంచును పడుకుని చూశాను. అద్దం మీంచి లోపలికి జారిన నీరు బయటికి పోవడానికి అక్కడ సన్నని చీలికలు ఉండాలి కదా, అవి కనిపించలేదు. సైకిల్ స్పోకుతో అంచు వెంబడి గుచ్చుతూ వెళితే ఒక చోట లప్పం పెళ్ల ఊడింది, దానితో పాటే గరిటెడు నల్లటి నీళ్లు నా మణికట్టు మీద పడ్డాయి. రెండేళ్ల క్రితం లప్పం పెట్టినప్పుడే ఆ చీలికలన్నీ పూడిపోయాయి. రెండో తలుపుకూ అదే గతి.

కడప_బ్రష్
అదే అసలు జబ్బు. బయటి తుప్పు ఎంత బాగా తీసినా ఆ చీలికలు మూసుకుని ఉంటే తలుపు లోపల చెరువు తయారవుతుంది. ఇదే పని చేసేవాడిగా ఆ షెడ్డు తరఫున నాకు సిగ్గుగా ఉంది.

తాడిపత్రి_టీచరమ్మ
మీరే మొదలుపెట్టవచ్చా అని అడిగారు కదా, మొదలుపెట్టండి. పోయిన సంవత్సరం వేసవి సెలవుల్లో మా వ్యాను వెనుక తలుపు అంచు, బ్యాటరీ ట్రే నేనే చేసుకున్నాను. ఒక రోజులో ఒక చోటు మాత్రమే తెరవాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఎందుకంటే గీకి తెల్లబరిచిన రేకును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి దాని మీద మళ్లీ పలచటి తుప్పు వస్తుంది. పొద్దున గీకిన చోటికి ఆ సాయంత్రంలోగా ప్రైమరు పడాలి. పాత పెయింటు పొడిలో సీసం ఉండవచ్చు కాబట్టి పిల్లలను దూరంగా ఉంచండి, ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి ఎత్తండి.

అనంత_800
కడప_బ్రష్ గారూ, మొదటి నుంచి చివరి దాకా ఏ పని తరువాత ఏ పని చేయాలో దయచేసి రాయగలరా? లోతుగా పోయిన చోటు ఉంటే మీలాంటివారికి అప్పగిస్తాను, పైపై తుప్పు వరకు నేను చేసుకుంటాను.

కడప_బ్రష్
రాస్తాను. మొదట మంచినీళ్లతో సబ్బు పెట్టి కడిగి, ఒక రోజంతా తలుపులు తెరిచి ఎండలో ఆరబెట్టండి. ఫెల్టు బయటికి తీసి విడిగా ఆరబెట్టండి. బొబ్బ కనిపించిన చోటు చుట్టూ మరో నాలుగు వేళ్ల మేర మాస్కింగ్ టేపు వేసుకుని, లోపలి లప్పమంతా స్క్రేపరుతో తీసేయండి. బొబ్బ ఉన్నంత మేరే తుప్పు ఉందనుకోవడం పొరపాటు, పెయింటు కింద అది వేరులా పాకుతుంది. మెరిసే రేకు చుట్టూరా కనిపించేదాకా వెనక్కి వెళుతూనే ఉండాలి. 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, 180, తరువాత 320తో పాత పెయింటు అంచును వేలికి మెట్టు తగలనంత నున్నగా జార్చండి. గ్రైండరుకు వైరు కప్పు బిగించి కొడితే త్వరగా అవుతుంది కానీ పలచటి రేకు వేడెక్కి వంకర పోతుంది, పైగా కప్పు తుప్పును గుంటల్లోకి నెట్టి పైన మెరుగు పెడుతుంది, అది చూసి మోసపోతాము. అందుకే 800 రేకు మీద నేను చేతితోనే రుద్దుతాను. రుద్దాక దుమ్ము తుడిచి, శుభ్రమైన గుడ్డకు థిన్నరు తడిపి ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఆ తరువాత ఆ చోటును వేలితో తాకకూడదు, చేతి చెమటలో కూడా ఉప్పే ఉంటుంది.

ఎంత రుద్దినా సూదిమొనంత నల్లటి గుంటలు మిగులుతాయి. వాటికే రస్ట్ కన్వర్టరు, అంటే తుప్పును వేరే పదార్థంగా మార్చే ద్రవం, పెట్టాలి, అది కూడా బ్రష్ కొసతో. తెల్లగా మెరిసే రేకు మీద దానికి పని లేదు. తరువాత రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేయండి. కంపెనీ డబ్బా మీద రాసిన కొలతతోనే హార్డెనరు కలపాలి, చేతి అంచనా పనికిరాదు. గుంతలు ఉంటే లప్పం ఆ ఎపాక్సీ మీదే పలచగా పెట్టాలి, పొడిగా రుద్దాలి, దాని మీద మళ్లీ ప్రైమరు వేయాలి. అప్పుడు లప్పానికి ఇటూ అటూ కాపలా ఉంటుంది. ఆ మీద 400తో నున్న చేసి రంగు, రంగు ఆరాక క్లియరు, అంటే రంగు లేని మెరుపు పూత.

మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. రేకు చెయ్యి కాలేంత వేడిగా ఉంటే పెయింటు గన్ను నుంచి రేకు చేరేలోపే ఆరిపోయి ఉప్పు చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేయండి.

కర్నూలు_కమాండర్
గేట్లకు వాడే రెడ్ ఆక్సైడు ప్రైమరు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. ఎపాక్సీకి అంత ఖర్చు ఎందుకు?

కడప_బ్రష్
గేటుకు తుప్పు పడితే మళ్లీ పూయవచ్చు, తలుపు రేకు అలా కాదు. పైగా గేటు ప్రైమరు మీద కారు పెయింటులోని బలమైన థిన్నరు పడితే కింది పొర ముడతలు తేలుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. మామూలు ప్రైమరు వేసి, డబ్బులు చేతికొచ్చాక రంగు కొట్టిద్దామని బండిని నెలల తరబడి అలాగే తిప్పేవాళ్లు ఉన్నారు. ఆ ప్రైమరు గుండా తేమ పోతుంది, దాని కింద రేకు నిశ్శబ్దంగా ఎర్రబడుతుంది. ఎపాక్సీ అయితే నీటిని చాలా వరకు ఆపుతుంది.

రసాయనం_మాష్టారు
కన్వర్టరు విషయంలో నేను కొంచెం విభేదిస్తాను. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసినవి ఉన్నాయి, టానిక్ ఆమ్లంతో చేసినవి ఉన్నాయి. మొదటి రకం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది, రెండోది నల్లటి ఐరన్ టానేటుగా మారుస్తుంది. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వం సిరా చేసుకున్నదీ ఈ రెండో తరహా చర్యతోనే. ఫాస్ఫారిక్ రకాన్ని సరిగా కడగకుండా వదిలేస్తే మిగిలిన ఆమ్లం పైన వేసే ఎపాక్సీని గట్టిపడనివ్వకపోవచ్చు. కాబట్టి డబ్బా మీద కడగమని ఉంటే కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ప్రైమరు వేయాలి. చేతిపనితో గుంటలు శుభ్రపడితే నేనైతే కన్వర్టరు జోలికే పోను.

కడప_బ్రష్
మాష్టారి సవరణను ఒప్పుకుంటున్నాను. నేను వాడేది టానిక్ రకం కాబట్టి కడగడం గురించి రాయలేదు, రాయవలసింది.

తాడిపత్రి_టీచరమ్మ
హార్డెనరు కలిపే క్లియరు గురించి ఒక హెచ్చరిక. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు అవి చాలా ప్రమాదం. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు, మందుల షాపు మాస్కు వాటిని ఆపలేవు. తగిన మాస్కు, గాలి వచ్చే ఏర్పాటు లేకపోతే ప్రైమరు దాకా మీరు చేసి, రంగు, క్లియరు షెడ్డులో వేయించండి. నేను అలాగే చేశాను.

రేగడి_రైతు
వేసే రంగు పాత రంగే అయి ఉండాలని కూడా గుర్తు పెట్టుకోండి. రంగు మార్చితే ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీ మీద రాయించుకోవాలి. మా బావమరిది సరదాకు రంగు మార్చి, రీరిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు రెండు రోజులు తిరిగాడు.

అనంత_800
వారం నుంచి ఉదయాలు దీనికే కేటాయించాను. రెండు తలుపులు, ఎడమ మడ్‌గార్డు ఎపాక్సీ దాకా పూర్తయ్యాయి. కుడి మడ్‌గార్డు దగ్గర మాత్రం లప్పం తీస్తే రూపాయి బిళ్లంత రంధ్రం బయటపడింది. లప్పం వెనుక పాత వార్తాపత్రిక ముక్క ఉండ చుట్టి కుక్కి ఉంది. దాని మీద తేదీ కనిపించే భాగం కూడా ఉంది, అది మా బండి షెడ్డులో ఉన్న వారానిదే. నేను డబ్బులు తక్కువ ఇవ్వలేదు, తొందర పెట్టలేదు. ఆ కాగితం చూసి చాలా బాధ కలిగింది.

హంద్రీ_ఒడ్డు
మీ బాధ అర్థమైంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఉంచుకోండి, తరువాత ఎవరికి పని ఇచ్చినా మధ్యలో ఒకసారి, ప్రైమరు పడకముందు, వచ్చి చూస్తానని ముందే చెప్పండి. ఆ మాట చెప్పాక నాకు పనిలో తేడా స్పష్టంగా కనిపించింది.

కడప_బ్రష్
రంధ్రానికి మందు లప్పం కాదు, ఫైబరు పట్టీ కూడా కాదు. చచ్చిన రేకును గట్టి రేకు దొరికేదాకా కోసి, 22 గేజి కొత్త రేకు ముక్కను సరిగ్గా ఆ కొలతకు కత్తిరించి అతకాలి. గ్యాసు వెల్డింగు మంట వెడల్పుగా పడి పలచటి రేకును ముడతలు తేలుస్తుంది కాబట్టి సీవోటూ వెల్డింగుతో చుక్కలు చుక్కలుగా, ఒక చోట పెట్టి వెంటనే ఇంకో చోటికి మారుతూ అతికించే మనిషిని వెతకండి. జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న రేకు, అయితే తుప్పు పట్టదని కొందరు అదే అతికిస్తారు, అంచుల జింకు పూత రుద్దకుండా కాలిస్తే ఆ పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది. పనికి ముందు బ్యాటరీ వైర్లు తీయించండి, వెనుక సీటు, ఫెల్టు బయట పెట్టించండి, పెట్రోలు ట్యాంకు ఆ దగ్గరే ఉందని మీరే గుర్తు చేయండి. అతుకు వెనుక వైపు పాత పూత కాలిపోతుంది, ఎవరికీ కనిపించదు కాబట్టి ఎవరూ దానికి ప్రైమరు వేయరు. మళ్లీ తుప్పు మొదలయ్యేది అక్కడే.

పాత_చేతక్
అతుకు వెనుకకు చెయ్యి దూరకపోతే ఎలా?

కడప_బ్రష్
క్యావిటీ వ్యాక్స్ అని స్ప్రే డబ్బాలు సన్నటి గొట్టంతో దొరుకుతాయి. ఎండలో రేకు వెచ్చబడ్డాక గొట్టం లోపలికి దూర్చి, మెల్లగా వెనక్కి లాగుతూ కొడితే మైనం అతుకుల్లోకి పాకి పొరలా నిలుస్తుంది. తలుపుల లోపలికీ, గుమ్మం రేకుల్లోకీ అదే వాడాలి. పెయింటు పనంతా అయ్యాకే వాడండి, ముందు కొడితే ఆ మైనం మీద పెయింటు నిలవదు. కొట్టిన మరునాడు నీరు పోయే చీలికల్లో స్పోకు మళ్లీ ఒకసారి తిప్పండి, మైనం వాటిని మూయకూడదు. బండి కింద మందంగా కొట్టే నల్లటి రబ్బరు కోటింగు విషయంలో మాత్రం జాగ్రత్త. మంచి రేకు మీద అది బాగా పని చేస్తుంది, తుప్పు మీద కొడితే కొన్నాళ్లకు పగిలి, ఆ పగులులో నీరు చేరి, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల రేకును తినేస్తుంది.

కర్నూలు_కమాండర్
ఈసారి మా జీపు చాసిస్‌కు కూడా వాడేసిన ఆయిలు బదులు ఆ మైనం కొట్టించి చూస్తాను. నాన్నకు ఎలా చెప్పాలన్నదే కొంచెం ఆలోచించాలి.

కడప_బండల_ఇల్లు
ఇంతవరకు ఎవరూ బండి నిలిపే నేల గురించి రాయలేదు. మట్టినేల మీదా, గడ్డి మీదా నిలిపితే రాత్రంతా నేలలోని తేమ కింది నుంచి రేకుకు తగులుతుంది. మేము కారు నిలిపే చోట నాలుగు కడప బండలు పరిచి, నీరు జారేలా కొంచెం వాలు పెట్టాము. ప్లాస్టిక్ కవరు కూడా మానేశాము. తడి బండి మీద కవరు కప్పడమంటే ఉడికే కుండ మీద మూత పెట్టినట్టే. గుడ్డ కవరు అయినా బండి పూర్తిగా ఆరాకే కప్పాలి. మాకు ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము బెడద కూడా ఉంది. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే పెయింటు గీతలు పడుతుంది, మంచు తగిలి గట్టిపడితే పెయింటును పట్టుకుంటుంది. అందుకని ముందు నీళ్లు ధారగా పోసి, తరువాతే గుడ్డ ముట్టిస్తాము.

అనంత_800
ఆగస్టు చివర్లో రాస్తున్నాను. కుడి మడ్‌గార్డుకు కొత్త రేకు అతికించారు. వెల్డింగు జరిగినంతసేపు అక్కడే నిలబడ్డాను, ప్రైమరుకు ముందు వెనుక భాగం ఫోను లైటు వేసి చూశాను. రంగు, క్లియరు షెడ్డులోనే వేయించాను. రంగు పాత తెలుపే. తలుపుల్లో, గుమ్మాల్లో మైనం నేనే కొట్టాను. కడగడం ఇప్పుడు పదిహేను రోజులకొకసారి, చివరి రెండు బకెట్లు మంచినీళ్లు. మొన్న రాత్రి ఇక్కడ గంటన్నర గట్టి వాన పడింది. తెల్లవారి తలుపు తెరిస్తే అడుగు చీలికల్లోంచి నీరు సన్నగా కారి నేల మీద పడింది, అది చూడడానికి నాన్నగారిని కూడా పిలిచాను. ఎడమ వైపు ఫెల్టు పొడిగా ఉంది. అయితే వెనుక సీటు కింద కుడి మూల రేకు మీద ఒక చెంచాడు తడి కనిపించింది.

గుత్తి_కోట
నేల రేకులో ఉండే గుండ్రటి రబ్బరు బిరడా గట్టిపడి ఉంటుంది, చక్రం చిమ్మిన నీరు దాని పక్క నుంచి వస్తుంది. వేలితో నొక్కి చూడండి, వంగకుండా పెళుసుగా ఉంటే మార్చండి.

అనంత_800
నొక్కగానే ముక్కలైంది. కొత్తది ఆటోమొబైల్ షాపులో పదిహేను రూపాయలకు దొరికింది. చుట్టూ ఎపాక్సీ పూసి, రేపు ఆరాక బిగిస్తాను.